జుట్టు ముడుద్దాం – 3వ పాఠం: జారని క్లచ్చర్

చెంపపిన్నులో వంకీలున్న కాడ తలకు ఆనాలని పోయిన పాఠంలో చూశాం. ఈసారి క్లచ్చర్. 1986లో ఫ్రాన్సులో క్రిస్టియాన్ పొటూ దీనికి రూపమిచ్చారు. అక్కడివాళ్ళు దీన్ని పీత క్లిప్పు అంటారు. కిటుకంతా ఆ పేరులోనే ఉంది: పీతలా రెండు వైపులా కరవాలి.

భుజాలు దాటిన జుట్టుకు పద్ధతి ఇది. చిక్కు తీసి, మెడ దగ్గర ఒక్క పిడికిట్లోకి తీసుకోండి. కుడివైపుకి నాలుగైదు మెలికలు తిప్పండి. కుదుళ్ళు లాగుతున్నాయంటే ఎక్కువైనట్టే, ఒకటి విప్పండి. ఆ మెలిని తల వెనక నిలువుగా పైకెత్తి, మిగిలిన కొసల్ని కిందికి మడిచి ఎడమచేత్తో అదిమి పట్టండి.

ఇక అసలు పని. క్లచ్చర్ పూర్తిగా తెరిచి, పళ్ళు మెలికి అటూ ఇటూ తలను తాకేదాకా దించండి. తలకు ఆనుకునే కొంచెం లోపలికి తోసి, అప్పుడు వదలండి. పళ్ళు మెలి కింద ఉన్న జుట్టులోకి దిగాలి. చాలామంది మెలిని మాత్రమే పట్టిస్తారు. నాలుగు మెట్లు దిగేసరికి ముడి, క్లచ్చర్ కలిసి వీపు మీదికొస్తాయి. తప్పు క్లచ్చర్‌ది కాదు.

నడుము దాకా జుట్టుంటే మెలి బరువుకు ఆగదు. ముందు వదులుగా జడ అల్లి, కొసకి రబ్బరు బ్యాండు వేసి, చుట్ట చుట్టి పట్టించండి. తలకు నూనె పెట్టిన రోజు ఏ క్లచ్చరైనా జారుతుంది. ఆ రోజు జడే నయం. తడి జుట్టుకి అసలు వద్దు. తడిసిన వెంట్రుక సాగి తెగుతుంది, స్ప్రింగూ తుప్పు పడుతుంది.

పలచని జుట్టుకి 5–6 సెంటీమీటర్లది సరిపోతుంది, ఒత్తుగా ఉంటే 10–11 కావాలి. పెట్టాక రెండు వైపుల పళ్ళు ఒకదానికొకటి అందకుండా నోరు తెరుచుకుని ఉందంటే అది మీకు చిన్నది. కొనేటప్పుడు పళ్ళ లోపలివైపు వేలితో తడమండి. అచ్చులో పోసినప్పుడు మిగిలే అతుకు గీత గరుగ్గా తగిలితే వెంట్రుకలు అక్కడే చిక్కుకుని తెగుతాయి. ఇంట్లో ఉన్నదే అలా ఉంటే గోళ్ళు రుద్దే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దండి.

హెల్మెట్ పెట్టేముందు, పడుకునేముందు తప్పకుండా తీసేయండి.

వచ్చే పాఠం యూ పిన్నులతో కొప్పు. ఆరు పిన్నులు, ఒక సవరం దగ్గర ఉంచుకోండి.