అమెరికాలో కలుషితమైన స్థలానికి పాత ఇన్సూరెన్స్ నుంచి డబ్బు రాబట్టడం ఎలా?

నలుగురు కలిసి ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి స్ట్రిప్ మాల్ (వరుస షాపుల సముదాయం) కొనడం అమెరికాలోని మనవాళ్లకు మామూలైపోయింది. తీరా అమ్మబోయేటప్పుడు కొనేవాళ్ల బ్యాంకు మట్టి పరీక్ష అడుగుతుంది. రిపోర్టులో పర్క్ (డ్రైక్లీనింగ్‌లో వాడే పర్‌క్లోరోఇథిలీన్) ఉందని వస్తుంది. ఒకప్పుడు ఆ మూల షాపులో డ్రైక్లీనింగ్ నడిచిందని అప్పుడు బయటపడుతుంది. బట్టలు శుభ్రం చేసే ఆ ద్రావకం నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. కాంక్రీటు పగుళ్లలోంచి దిగి, భూగర్భజలంలో కలిసి, పక్కవాళ్ల స్థలం కిందికి పాకుతుంది. తాగునీటిలో లీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదు కాబట్టి కొద్దిగా కారినా పెద్ద సమస్యే.

కలుషిత స్థలాల శుభ్రత ఖర్చు రాబట్టే 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం తప్పెవరిదని చూడదు. ఇప్పటి యజమానినీ, కారిన రోజుల్లో అక్కడ వ్యాపారం నడిపినవాళ్లనూ పట్టుకోగలదు. సొంత డబ్బు తీసేముందు పాత జనరల్ లయబిలిటీ పాలసీల (ఇతరులకు కలిగించిన నష్టానికి పూచీపడే వ్యాపార ఇన్సూరెన్స్) కోసం వెతకండి. నష్టం ఏ ఏడాది జరిగితే ఆ ఏడాది పాలసీ పూచీ పడాలన్నది వాటి పద్ధతి. ప్రీమియం ఆపేసి నలభై ఏళ్లయినా ఆ పూచీ పోదు.

1. స్థలం చరిత్ర రాసుకోండి

ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఎవరు నడిపారు, భవనం ఎవరిది? సాన్‌బోర్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు, పాత సిటీ డైరెక్టరీలు, కౌంటీ రికార్డులు ఇది చెబుతాయి. మీ పర్యావరణ కన్సల్టెంట్ ఇచ్చే ఫేజ్ 1 రిపోర్టులో (స్థలం చరిత్ర మీద తొలి పరిశీలన) వీటిలో చాలా భాగం ఉంటుంది.

2. ఎవరి పాలసీ కావాలో తేల్చుకోండి

మీరు 2015లో కొని ఉంటే మీ పాలసీలు ఇక్కడ దాదాపు పనికిరావు. కావాల్సింది 1960ల నుంచి 80ల దాకా షాపు నడిపినాయనదో, అప్పటి భవనం యజమానిదో. వాళ్లమీద మీరు క్లెయిమ్ వేస్తే వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ రంగంలోకి దిగుతుంది. ఆ పాత కంపెనీ మూతపడి ఉంటే ఏం చేయాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి లాయరు లేకుండా ముందుకెళ్లొద్దు.

3. కాగితం పట్టుకోండి

అసలు పని ఇదే. పాలసీ పుస్తకం చేతికి రావడం అరుదు, దాని జాడ మాత్రం ఎక్కడో ఒకచోట ఉంటుంది. పాత లీజు తీసి చూడండి. అద్దెకున్నవాడు ఇన్సూరెన్స్ తీసుకోవాలనీ, యజమాని పేరు కూడా చేర్చాలనీ ఒక క్లాజు ఉంటుంది. దాని వెనకే సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ పిన్ను చేసి ఉండొచ్చు. బ్యాంకు లోన్ ఫైలు, అకౌంటెంట్ లెడ్జరు, బ్రోకర్ దగ్గరి కార్బన్ కాపీ, అన్నీ అడగండి. పాత క్యాన్సిల్డ్ చెక్కు మీద కింది మూల పాలసీ నంబరు రాసి ఉండటం కద్దు. షాపులో ఎవరో జారిపడి కేసు వేసి ఉంటే, ఏ కంపెనీ లాయర్ని పెట్టిందో కోర్టు ఫైలులో దొరుకుతుంది.

డిక్లరేషన్ పేజీ (పాలసీ ముఖ్య వివరాలుండే మొదటి పేజీ) ఒక్కటి దొరికినా సగం పని అయినట్టే. దాని మీద ఫారం నంబర్లుంటాయి. అప్పట్లో కంపెనీలు అచ్చు ఫారాలే వాడేవి కాబట్టి, నంబరును బట్టి మిగతా షరతులు నిరూపించొచ్చు. అసలు పాలసీ పోయినా ఇలాంటి ఆధారాలను కోర్టులు తీసుకుంటాయి. ఇదే వృత్తిగా చేసేవాళ్లను ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్టులంటారు. ఫీజు ఎక్కువే, కానీ మొత్తం ఖర్చులో నా లెక్కన దండగ కానిది ఇదొక్కటే.

4. ఏడాది చూడండి

కాలుష్యానికి పూచీ లేదనే మినహాయింపు 1970లో అనుబంధంగా మొదలై 1973 అచ్చు ఫారంలోకి వచ్చింది, అయితే హఠాత్తుగా, ప్రమాదవశాత్తు జరిగినదానికి అది వర్తించదు. 1986 నుంచి వచ్చిన మినహాయింపు దాదాపు తలుపు మూసేసింది. అంటే 1970కి ముందువి బంగారం, మధ్యవి వాదన మీద ఆధారపడినవి. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1993లో మోర్టన్ కేసులో ఆ 1973 మినహాయింపును ఇన్సూరెన్స్ కంపెనీలు కోరినట్టు అక్షరాలా వర్తింపజేయడానికి ఒప్పుకోలేదు. దాన్ని ఆమోదించిన ప్రభుత్వ అధికారులకు కంపెనీలు అసలు సంగతి సరిగా చెప్పలేదన్నది కారణం. అన్ని రాష్ట్రాలూ ఆ దారిన వెళ్లలేదు.

5. ఖర్చుపెట్టే ముందు నోటీసు పంపండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కంపెనీ అనుమతి లేకుండా మీ అంతట మీరు కట్టింది మేమివ్వం అనే షరతు ఆ పాలసీల్లో ఉంటుంది. తవ్వకం మొదలెట్టి బిల్లు పంపితే మొదటి జవాబు అదే. కాబట్టి దొరికిన ప్రతి ఏడాదికీ, ప్రతి కంపెనీకీ, అంబ్రెల్లా పాలసీలకు (మొదటి పాలసీ పరిమితి దాటాక పనికొచ్చేవి) సైతం రాతపూర్వకంగా తెలియజేయండి.

కంపెనీ మీ తరఫున దిగాలంటే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ఉత్తరం వస్తే చాలా, కోర్టు కేసే కావాలా? 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు సూపర్‌ఫండ్ చర్యలు కేసుతో సమానమేనంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1998లో ఉత్తరం చాలదంది. టెక్సస్‌లోని హ్యూస్టన్ స్నేహితుడి సలహా కాలిఫోర్నియాలోని బే ఏరియాలో పనిచేయకపోవడానికి కారణం ఇదే.

6. డిఫెన్స్ ఖర్చు విడిగా అడగండి

డిఫెన్స్ ఖర్చంటే మీ తరఫున వాదించడానికయ్యేది. లాయర్ ఫీజే కాదు, కాలుష్యం ఎంత దూరం పాకిందో తేల్చే అధ్యయనాలను కూడా చాలాచోట్ల డిఫెన్స్ ఖర్చులో చూపించొచ్చు. పాత ప్రైమరీ (మొదటి వరుస) పాలసీల్లో ఇది సాధారణంగా పరిమితికి బయట. అంటే లక్ష డాలర్ల పాలసీ నుంచి లక్ష దాటి రావచ్చు. సొంత స్థలానికి జరిగిన నష్టానికి పాలసీ వర్తించదని కంపెనీ అంటుంది. భూగర్భజలం మీ సొత్తు కాదన్నది మీ జవాబు. అందుకే బోరు బావుల పరీక్ష ఫలితాలు ముందే దగ్గరుంచుకోండి.

7. సెటిల్‌మెంట్

కంపెనీ పేరు మారినా భయపడొద్దు. లండన్ ఇన్సూరెన్స్ మార్కెట్ లాయిడ్స్ 1992, అంతకుముందు ఏళ్ల బాధ్యతలు 1996లో అందుకోసమే పెట్టిన ఈక్విటాస్ అనే కంపెనీకి వెళ్లాయి. హోమ్ ఇన్సూరెన్స్, రిలయన్స్ మాత్రం దివాలా తీశాయి. అక్కడ రాబడి తక్కువ.

ఒక్కసారిగా ఇంత ఇస్తాం, పాలసీ మొత్తం మాకు తిరిగిచ్చేయండని బేరం వస్తుంది. ఇంజనీరు అంచనా, రాష్ట్ర పర్యావరణ శాఖ ఒప్పుకున్న శుభ్రత స్థాయి, ఈ రెండూ చేతికి రాకుండా సంతకం పెట్టొద్దు. భవిష్యత్తులో ఆ స్థలం మీద వచ్చే క్లెయిములన్నీ వదులుకుంటున్నామనే వాక్యం ఎక్కడుందో లాయరుతో వేలు పెట్టి చూపించుకోండి.