పబ్లిక్ పరీక్షలకు ముందు పుస్తకం మూయడం నేర్చుకోండి

మొన్న ప్రీఫైనల్ జువాలజీ పేపరు రాసి, మా ట్యూషన్‌కి వచ్చే ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. ఎనిమిది మార్కుల ప్రశ్న, మానవ హృదయ నిర్మాణం. ఆరుసార్లు చదివిందట. త్రిపత్ర కవాటం, అంటే గుండె గదుల మధ్య మూడు రేకుల తలుపు, కుడివైపా ఎడమవైపా అన్న దగ్గర ఆగిపోయి, ఇక కలం కదల్లేదట. ఆమె పుస్తకం తీసి చూశాను. ఆ పేజీ నిండా పసుపు హైలైటరే. గీత పడని వాక్యం ఒక్కటీ లేదు.

హాల్ టికెట్, పెన్నులు, టైమ్‌టేబుల్ సంగతి అందరూ చెబుతారు. నేను ఒక్క తప్పు గురించే చెబుతాను. పుస్తకం తెరిచిపెట్టుకుని మళ్లీ మళ్లీ చదవడం. బాగా కష్టపడే పిల్లలే దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నారు. మూడోసారి చదివేసరికి ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది. కంటికి అలవాటైందంతే, నోటికి రాలేదు. హాల్లో ఎదురుగా ఉండేది ఖాళీ కాగితం.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించి చూశారు. కొందరు పాఠాన్ని రెండోసారి చదివారు. కొందరు ఒకసారి చదివి, చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం వాళ్లకు 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. ఆ ఐదు నిమిషాల ధైర్యాన్ని నమ్మే పిల్లలు మోసపోతున్నారు.

ఒక పేజీ చదివి పుస్తకం మూయండి. రఫ్ నోట్‌బుక్‌లో గుర్తున్నంత రాయండి. ఏమీ గుర్తు రాకపోయినా కాసేపు ఆగండి, వెంటనే తెరవొద్దు. ఆ వెతుకులాటే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో రాసుకోండి. రేపు, మూడు రోజులకు, వారానికి మళ్లీ చూడకుండా రాయండి.

పటాలు చూసి గీయొద్దు. గుండె పటంలో కుడి కర్ణిక, అంటే కుడివైపు పై గది, కాగితానికి ఎడమవైపు వస్తుంది. చూసి దించేవాళ్లు ఇది గమనించరు, హాల్లో కుడి ఎడమలు తారుమారు చేస్తారు. ఆ అమ్మాయి సరిగ్గా అక్కడే చిక్కుకుంది.

హైలైటర్ పక్కన పెట్టండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి. నైటవుట్ చేయొద్దు, చదివింది నిలబడేది నిద్రలోనే. పరీక్ష ముందు రోజు కొత్త చాప్టర్ ముట్టుకోవద్దు. అమ్మానాన్నలూ, "చదివావా?" అని అడగకండి, "పుస్తకం మూసి చెప్పు, వింటాను" అనండి. మీకు చదువు రాకపోయినా ఆ పని చేయగలరు. పక్కింటి పిల్లలతో పోల్చొద్దు. పిల్లలు బతకాలని లేదు అంటే బెదిరింపు అనుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. గేటు దగ్గర పుస్తకం తెరవొద్దు. రాసొచ్చిన పేపరు గురించి చర్చ పెట్టొద్దు. ఇంటికొచ్చి, తిని, రేపటి సబ్జెక్టుకు రఫ్ నోట్‌బుక్ తీయండి. పుస్తకం మూసే ఉంచండి.