పాత టోపోషీటు (సర్వే పటం)లోని అక్షాంశ రేఖాంశాల అంకెలు ఫోన్‌లో కొడుతున్నారా?

పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ 1830 అనే పాత లెక్కలో గీసినవి, ఫోన్ జీపీఎస్ చూపించేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క, అందుకే షీటులో చూసిన అక్షాంశ రేఖాంశాలు అలాగే ఎక్కిస్తే మన శ్రీకాకుళం వైపు పాయింటు రెండొందల మీటర్లకు అటూఇటుగా జరిగిపోయి చెరువు గట్టు కాస్తా పక్కవాళ్ల పొలంలో తేలుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో అయితే లేయర్‌కి (మీ పాయింట్లున్న పొరకి) ముందు ఆ పాత లెక్క మీద నడిచే కల్యాణ్‌పూర్ 1975, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 4146 పెట్టి, తర్వాత 'రీప్రొజెక్ట్ లేయర్'తో డబ్ల్యూజీఎస్ 84లోకి మార్చండి. ఉత్తినే 'సెట్ లేయర్ సీఆర్ఎస్' (లేయర్ ఏ లెక్కలో ఉందో చెప్పే సెట్టింగు) మారిస్తే పేరే మారుతుంది, అంకె కదలదు.

మీటర్లలో కావాలంటే ఇంకో చిక్కుంది. 84 డిగ్రీల రేఖ శ్రీకాకుళం జిల్లా మీదుగానే పోతుంది కాబట్టి శ్రీకాకుళం టౌను, విజయనగరం యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్‌లో, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. రెండు వైపులా పనుంటే ఏదో ఒక్క జోనే పట్టుకోండి, దయచేసి కలపొద్దు. మార్చాక పాత గుడో రైలు వంతెనో ఒకటి ఎంచుకుని ఉపగ్రహ చిత్రంతో సరిచూసుకోండి.