బడిలో పత్రికా పఠనం – నాలుగో పాఠం: చెప్పిందెవరు?

గత పాఠంలో మొదటి పేజీని స్కేలుతో కొలిపించాం. వార్తకెంత చోటు, ప్రకటనకెంత చోటు అని పిల్లలు వేసిన పట్టికలను గోడ మీదే ఉండనివ్వండి, ముందు ముందు పనికొస్తాయి. ఇప్పుడు పేజీని వదిలి ఒకే ఒక్క వార్తలోకి దిగుదాం. తొమ్మిది, పది తరగతులకు ఒక పీరియడ్ చాలు. ఎనిమిదో తరగతికి రెండు పట్టవచ్చు.

మీడియా పాఠం అనగానే చాలామంది నకిలీ వార్తలతో మొదలుపెడతారు. అవసరం తరుముకొచ్చిన చోట అది సబబే. 2017లో తట్టు, రుబెల్లా టీకాపై వాట్సాప్‌లో వదంతులు వ్యాపించి తల్లిదండ్రులు జంకిన తర్వాత, కేరళలోని కన్నూరు జిల్లా యంత్రాంగం ప్రభుత్వ పాఠశాలల్లో నకిలీ వార్తలపై తరగతులు పెట్టించింది. అలాంటి తొందర లేనప్పుడు మాత్రం నేను ఆ దారి పట్టను. అబద్ధాలతో మొదలుపెడితే పిల్లలకు అబ్బేది అనుమానం ఒక్కటే. నెల తిరిగేసరికి “అన్నీ అబద్ధాలే సార్” అని చేతులు దులుపుకుంటారు. మామూలు వార్త ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

కింది వార్త ఈ పాఠం కోసం కల్పించినదే. జిల్లా పేజీల్లో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. అంకెలతో సహా బల్ల మీద రాయండి.

భోజనం వికటించి 23 మందికి అస్వస్థత
(1) మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది విద్యార్థులు అస్వస్థతకు గురయ్యారు. (2) వారిని 108 వాహనంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తరలించారు. (3) కలుషిత నీరే ఇందుకు కారణమని తెలుస్తోంది. (4) ఎవరికీ ప్రాణాపాయం లేదని వైద్యాధికారి తెలిపారు. (5) వంట ఏజెన్సీ నిర్లక్ష్యంపై తల్లిదండ్రులు ఆగ్రహం వ్యక్తం చేశారు.

మీ తరగతిలో బడి వంట చేసే తల్లి బిడ్డ ఎవరైనా ఉంటే ఈ వార్త వద్దు. రోడ్డు ప్రమాదమో, నీటి ఎద్దడో తీసుకుని మీరే ఐదు వాక్యాలు రాసుకోండి.

పిల్లలకు మూడు రంగుల పెన్సిళ్లు కావాలి. విలేకరి కళ్లారా చూడగలిగినది, లేదా రికార్డులో సరిచూసుకోగలిగినది అయితే ఎరుపు గీత. ఎవరో చెప్పినదై, ఆ చెప్పిన మనిషి ఎవరో తెలుస్తుంటే నీలం. ఎవరు చెప్పారో తెలియకపోతే ఆకుపచ్చ. ముందు ఎవరికి వారు గీసుకోవాలి, తర్వాత పక్కవారితో పోల్చుకోవాలి. గొడవ పడతారు. పడనివ్వండి, ఆ గొడవలోనే పాఠం ఉంది.

రెండో వాక్యం, నాలుగో వాక్యం తేలికగా తేలిపోతాయి. చిక్కంతా మొదటి దానితోనే. 23 అన్న అంకె ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో దొరుకుతుంది కాబట్టి ఎరుపు అంటారు, నిజమే. అయితే ‘తిని’ దగ్గర ఆపండి. “అన్నం తిని బడికి వెళ్లాడు” అంటే ఒకదాని తర్వాత ఒకటి జరిగిందనే. “విషం తిని చనిపోయాడు” అంటే అదే కారణం. మన వార్తలో ‘తిని’ ఈ రెంటిలో ఏది? ‘తిన్న గంట తర్వాత’ అని మార్చి చదివించండి. వంటామె మీద మోపిన నేరం చప్పున దిగిపోతుంది. ఆమె సాధారణంగా ఆ ఊరి స్వయం సహాయక సంఘం సభ్యురాలే. మర్నాడు పత్రిక చదివిన ఊళ్లోనే ఆమె తిరగాలి.

ఈలోగా చురుకైన పిల్ల ఒకరు లేచి అడగాలి: శీర్షికలో భోజనం అని ఉంది, మూడో వాక్యంలో నీరు అని ఉంది, ఏది నిజం? ఎవరూ అడగకపోతే మీరే అడగండి. జవాబు మాత్రం చెప్పకండి, ఆ వార్తలో అది లేదు.

‘తెలుస్తోంది’ దగ్గర ఎక్కువసేపు ఉండండి. ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’, ‘ప్రచారం జరుగుతోంది’ అన్నీ దీని చుట్టాలే. ఆకుపచ్చ గీత పడినంత మాత్రాన అబద్ధమని కాదు. పేరు బయటపడితే ఉద్యోగం పోయే చిన్న గుమాస్తా నిజం చెప్పి ఉండవచ్చు. మధ్యాహ్నం సంగతి తెలిసిన మండల విలేకరి సాయంత్రానికల్లా వార్త పంపాలి, నీటి పరీక్ష ఫలితం ఆలోగా రాదు. అయినా ‘నమూనాలు పరీక్షకు పంపారు, ఫలితం రావాల్సి ఉంది’ అని రాయడానికి అడ్డేమిటి? ఇక్కడ నేను విలేకరి పక్షం వహించలేను.

ఐదో వాక్యం గడుసుది. ఆగ్రహం కంటికి కనిపించేదే, ఎరుపు. నిర్లక్ష్యం మాత్రం ఇంకా తేలలేదు. ‘నిర్లక్ష్యంపై’ అనేసరికి అది తేలిపోయిన సంగతిలా వాక్యంలో కూర్చుంది. ‘నిర్లక్ష్యం వహించిందని తల్లిదండ్రులు ఆరోపించారు’ అని రాయిస్తే గీత నీలమవుతుంది. ఆరోపణలు శీర్షికకెక్కితే వాటిని చేసినవారెవరో చెప్పాలని, కనీసం ఉల్లేఖన చిహ్నాల్లోనైనా ఉంచాలని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతుంది. ఈ ముక్క పదో తరగతివారికి రాసుకోమనండి.

సమయం మిగిలితే నాలుగో వాక్యంతో ఒక ఆట. వైద్యాధికారి మాటను అలాగే ఉంచి చివరి క్రియను మాత్రం మార్చాలి: తెలిపారు, స్పష్టం చేశారు, చెప్పుకొచ్చారు, బుకాయించారు. నలుగురు పిల్లలతో గట్టిగా చదివించండి. డాక్టరు ఒక్కరే, అన్న మాటా ఒక్కటే. నాలుగో పిల్లవాడు చదివేసరికి ఆయన నేరస్థుడైపోతాడు.

చివరగా, ఈ వార్తలో ఎవరి గొంతు లేదో అడగండి. వంటామె, ప్రధానోపాధ్యాయులు, ఆ 23 మందిలో ఒక్కరు. ముగ్గురికీ తలా ఒక ప్రశ్న రాయించండి. ‘తప్పెవరిది?’ లాంటి ప్రశ్న వస్తే కొట్టేయండి. ‘నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు?’ లాంటివి ఉంచండి.

ఇంటిపని: ఒకే రోజు వచ్చిన రెండు పత్రికల్లో ఒకే స్థానిక వార్త కత్తిరించి పక్కపక్కన అంటించాలి, మూడు రంగులూ వేయాలి. ఊరి పేరు పక్కన ఏముందో కూడా గుర్తించాలి: పత్రిక పేరా, న్యూస్‌టుడే, పీటీఐ లాంటి వార్తా సంస్థ పేరా? పత్రిక తెప్పించుకోని ఇళ్ల పిల్లలకు గ్రంథాలయంలో పాత ప్రతులు అడిగి ఇప్పించండి. గ్రంథాలయం ప్రతులను కత్తిరించకూడదు, నోటుబుక్కులో ఎత్తి రాసుకోవాలి. వచ్చే పాఠంలో శీర్షికల చివర కనిపించే ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం సంగతి చూస్తాం. అలాంటి శీర్షికలు కనబడితే ఇప్పటి నుంచే దాచమనండి.