ఇంటి ముంగిట తేనెటీగలు – 5వ పాఠం: తేనె ఎప్పుడు తీయాలి?

పోయిన పాఠంలో పిల్లల గది, అంటే ఈగలు పిల్లల్ని పెంచే కింది గది మీద, అవి తేనె దాచే తేనె గది ఎక్కించాం. పొద్దుతిరుగుడు చేల పక్కన పెట్టెలు పెట్టినవాళ్లకు ఈపాటికి పై గది బరువెక్కే ఉంటుంది. పెట్టె మూత తీయగానే తేనెపట్టు అరల్లో తేనె తళతళలాడుతుంటే అప్పటికప్పుడు తీసేయాలనిపిస్తుంది. ఆగండి.

పువ్వుల నుంచి తెచ్చే మకరందంలో నీళ్లు చాలా ఎక్కువ. కూలి ఈగలు దాన్ని నోటి నుంచి నోటికి మార్చుకుని, అరల్లో పోసి, రెక్కలతో విసిరి ఆరబెడతాయి. తేమ ఇంచుమించు 20 శాతానికి దిగాక పైన మైనం మూత వేస్తాయి. మనకు గుర్తు ఆ మూతే. ఫ్రేముకు, అంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రానికి, రెండు వైపులా ముప్పాతిక వంతు అరలు మూతపడ్డాకే తీయండి. అనుమానం వస్తే ఫ్రేమును పెట్టె మీదే అడ్డంగా పట్టి ఒక్కసారి విదిలించండి. చుక్కలు రాలితే ఇంకా పచ్చి తేనే.

మొదటి ఏడాది డబ్బు అవసరపడి, సగం కూడా మూతపడని ఫ్రేములు నేను తేనె తీసే యంత్రంలో పెట్టి తిప్పేశాను. కొన్నాళ్లకే సీసాల్లో నురుగు లేచి, పులిసిన వాసన వచ్చింది. అందరికీ డబ్బు తిరిగిచ్చాను. అయినా కొందరు మళ్లీ నా దగ్గర కొనలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తేనె తీసే పని తలుపులు మూసిన గదిలో పెట్టుకోండి. ఆరుబయటైతే వాసనకు పక్క పెట్టెల ఈగలు కమ్ముకుంటాయి. కత్తిని వేడినీళ్లలో ముంచి, తడి తుడిచి, పై మైనం పొర మాత్రమే కోయండి. యంత్రాన్ని మెల్లగా తిప్పి, ఒక వైపు సగం తేనె రాగానే ఫ్రేము తిరగేయండి. మొదటే జోరు పెంచితే లేత పట్లు విరిగిపోతాయి. ఖాళీ పట్లు సాయంత్రం పెట్టెలో తిరిగి పెట్టేయండి, ఈగలకు మళ్లీ కట్టే శ్రమ తప్పుతుంది. కోసిన మైనాన్ని కరిగించి ముద్ద చేస్తే అదీ అమ్ముడుపోతుంది.

కింది గదిలో తేనె మాత్రం ముట్టుకోవద్దు. అది వాటి తిండి, వాటి పిల్లల తిండి. తర్వాత చక్కెర పాకం పోస్తాం కదా అని అదీ పిండేసేవాళ్లున్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. పైగా తిండి చాలకపోతే మన నాటు పుట్ట తేనెటీగలు పెట్టె వదిలి లేచిపోతాయి. పై గది ఉన్నన్నాళ్లు చక్కెర పాకం పెట్టకండి, తేనెలో కలిస్తే అది కల్తీయే.

ఈ వారం పని: పై గదిలో ఒక్కో ఫ్రేము ఎంత మేర మూతపడిందో చూసి, తేదీతో నోటుపుస్తకంలో రాసుకోండి. 6వ పాఠంలో వడకట్టి సీసాలకెత్తడం, ధర కట్టడం చూద్దాం.