కారు అడుగుకి ఉప్పు తుప్పు పట్టకుండా ఉండాలంటే

మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ఇనుముకి పెద్దగా హాని చేయదు. తడి తగిలితేనే దాని ప్రతాపం. అందులోనూ కాల్షియం క్లోరైడ్ కలిపితే అది గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది, ఇక అడుగు ఆరదు. గడ్డకట్టే చలిలో బయట నిలిపిన కారు కన్నా, ఉప్పునీళ్లు కారుతుండగా వెచ్చటి గ్యారేజీలో పెట్టిన కారుకే తుప్పు తొందరగా పడుతుంది. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు.

పని చలికాలం రాకముందే పెట్టుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరొద్దు. స్టాండ్లు వేసి, బండిని ఊపి చూశాకే దూరండి. నేనైతే ముందు చూసేది తలుపుల కింద ఉండే పెట్టె లాంటి భాగాలనే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే గట్టి చోట ఖంగుమంటుంది, లోపల కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది. వాటి అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిన్న కంతలుంటాయి. బురదతో పూడుకుపోయుంటే తీగతో పొడిచి తెరవండి.

తర్వాత అడుగంతా నీళ్లతో కడిగి, ఒకట్రెండు రోజులు ఆరనివ్వండి. రేకు పొరలుగా లేచిన చోట వైర్ బ్రష్‌తో గీకి, మిగిలిన మరకకి రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) రాయండి.

ఇక పూత. రబ్బరులా గట్టిపడే నల్ల అండర్‌కోటింగ్ చూడ్డానికి బాగుంటుంది కానీ, పాత కార్లకి నేను వద్దంటాను. అంచు దగ్గర ఒక్క చీలిక చాలు, నీళ్లు లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయి. గోటితో లాగితే తోలులా ఊడొస్తుంది, వెనక తడి తడిగా గోధుమరంగు పెచ్చులు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ స్ప్రే మేలు. గట్టిపడదు, అతుకుల సందుల్లోకి పాకుతుంది. కాకపోతే ఏటా మళ్లీ కొట్టుకోవాలి. బ్రేక్ పైపులు, వెల్డింగ్ అతుకులు, చక్రాల పైన ఉండే రేకు లోపలివైపు వదలొద్దు. బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు, సైలెన్సర్ గొట్టం మీద మాత్రం చుక్క పడకూడదు. ముందే కవరు కట్టండి.

చలికాలంలో చలి కాస్త తగ్గిన రోజు చూసి అడుగు కడగండి. కార్‌వాష్‌కి వెళ్తే, వాడిన నీళ్లే తిప్పి కొడుతున్నారేమో అడగండి. ఆ నీళ్లలోనూ ఉప్పు ఉండొచ్చు.

స్ప్రే కొట్టాక కొన్నాళ్లు చుక్కలు కారతాయి, కింద అట్టముక్క పరుచుకోండి. గొర్రె వాసన కూడా కొంచెం వస్తుంది, పోతుంది లెండి.