బూట్ స్క్రిప్టులకు నంబరు ఒక్కటే చాలదు
ఆర్‌సీ డైరెక్టరీలో (లినక్స్ మొదలయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులుండే ఫోల్డర్) స్క్రిప్టులు పేరు అక్షరక్రమంలో నడుస్తాయి, అంకె విలువను బట్టి కాదు. స్క్రిప్టు పేరు ముందు ఎస్9 అని పెడితే ఎస్10 తర్వాతే మొదలవుతుంది. ఎస్09 అని రాయండి.

వరస కుదిరినా అసలు చిక్కు వేరే ఉంది. డేటాబేస్ స్క్రిప్టు డీమన్‌ను (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామును) బ్యాక్‌గ్రౌండ్‌లోకి వదిలి వెంటనే 0తో, అంటే పని అయిందన్న సంకేతంతో, ముగిసిపోవచ్చు. అప్పటికి సాకెట్ (వేరే ప్రోగ్రాములు డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే ద్వారం) ఇంకా తెరుచుకోదు, తర్వాతి స్క్రిప్టు కనెక్ట్ కాలేక పడిపోతుంది. చాలామంది ‘స్లీప్ 10’తో సరిపెడతారు. కరెంటు పోయి వచ్చాక డేటాబేస్ రికవరీలో ఉంటే ఆ పది సెకన్లు చాలవు, మిగతా రోజుల్లో దండగ. సెకనుకోసారి కనెక్ట్ అయి చూసే లూప్ పెట్టండి; 60 సార్లు దాటితే లాగ్‌లో రాసి 1తో, అంటే విఫలమైందన్న సంకేతంతో, బయటికి రావాలి. సాకెట్ ఫైల్ ఉందో లేదో చూస్తే సరిపోదు, పాతది మిగిలి ఉండొచ్చు.

ఇప్పటి చాలా లినక్స్‌లలో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీలోనైతే ‘ఆఫ్టర్’ వరస మాత్రమే చెబుతుంది. ముందు రావాల్సిన ఆ సర్వీసును లేపాలంటే ‘వాంట్స్’ కూడా రాయాలి.